అంచు కట్టని గంప

ఆ అమ్మాయి ఆటో దిగగానే నా చూపు ఆమె భుజానికి వేలాడుతున్న పొడవాటి నల్ల గొట్టం మీద పడింది. దాదాపు నా భుజం ఎత్తు ఉంది. మూత ఉంది, మూతకు జిప్పు ఉంది. ఏంటమ్మా అది అంటే, కాగితాలు పెట్టుకోవడానికి ఆంటీ అంది. వచ్చేటప్పుడు కాగితాలు పట్టే గొట్టంలో వెళ్ళేటప్పుడు ఇంకేమైనా పడుతుంది కదా అని నాకు అప్పుడే అనిపించింది. నా బుద్ధి అలాంటిది. మా ఆయన ఉన్న రోజుల్లో, "నువ్వు పాలవాడి నీడను కూడా అనుమానిస్తావే" అని నవ్వేవారు. పాలవాడి గురించి నేను అన్నది చివరికి నిజమే అయింది, అది వేరే సంగతి.

మాది అశ్వారావుపేట దాటాక అడవి మొదలయ్యే చోట ఒక చిన్న ఊరు. ఒక పక్క పామాయిల్ తోటలు, ఇంకో పక్క గూడెం, దాని వెనక అడవి. మా మామగారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొగాకు వేశారు. ఆకు కాల్చడానికి ఒక బ్యారన్ కట్టారు. కిటికీల్లేని ఎత్తైన గోడలు, లోపల పైదాకా అడ్డవాసాలు, ఆ వాసాలకు పచ్చాకు కర్రలు వేలాడదీసి కింద నుంచి వేడి పెట్టేవాళ్ళు. పొగాకు పోయి పామాయిల్ వచ్చాక బ్యారన్ చాలా ఏళ్ళు ఖాళీగా పడి ఉంది. నేను ఊరి బడిలో టీచరుగా రిటైరయ్యాక, ఖమ్మంలో ఉండే కొందరు లెక్చరర్లు, బొమ్మలు వేసేవాళ్ళు కమిటీగా కూడి మా దగ్గరికి వచ్చారు. గూడెం వాళ్ళ చేతిపనిని ఒకచోట పెట్టి నలుగురికీ చూపిద్దాం, మీ బ్యారన్ ఇవ్వండి అన్నారు. ఇచ్చాను. తాళంచెవి మాత్రం నా దగ్గరే ఉంటుందన్నాను. వాళ్ళు సరేనన్నారు. బయట మ్యూజియం అని బోర్డు పెట్టారు.

ఆ బ్యారన్ కట్టిన నేల అంతకుముందు ఎవరిదని గూడెంలో ఎవరూ నా ఎదుట అడిగింది లేదు. నేను చెప్పిందీ లేదు.

మా మ్యూజియం పెద్దదేమీ కాదు. వెదురు గంపలు, చేటలు, చాపలు, చేపలు పట్టే బుట్టలు, నీళ్ళు పోసుకునే సొరకాయ బుర్రలు, పెళ్ళిళ్ళకు వాయించే పెద్ద డోలు ఒకటి. కమిటీ వాళ్ళు గూడెంలో ఇల్లిల్లూ తిరిగి అడిగితే ఇంటికొకటి చొప్పున ఇచ్చారు. అయినా వాటిని వాళ్ళు మరిచిపోలేదు. సంతకు వెళ్ళి వస్తూనో, చుట్టాలొస్తే వాళ్ళను వెంటబెట్టుకునో లోపలికి వచ్చేవాళ్ళు. ప్రతివాళ్ళూ తిన్నగా తమ ఇంటి వస్తువు దగ్గరికే వెళ్ళి, దాని అంచు వెంబడి వేలితో ఒక చుట్టు తడిమి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయేవాళ్ళు. నాకది చూస్తే కళ్ళు చెమర్చేవి. ఖమ్మం నుంచి ఎవరైనా చూడటానికి వస్తే, "చూశారా, కన్నబిడ్డను నిమిరినట్టు నిమురుతారు" అని గొప్పగా చెప్పేదాన్ని.

తలుపు నేను తీస్తాను, లోపల ఊడ్చి తుడిచేది గూడెం నుంచి వచ్చే అక్క. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. మా పొలంలో కూలికి వచ్చిన రోజుల నుంచీ ఎరుగుదును. నేను ఆమెను అక్కా అంటాను, ఆమె నన్ను టీచరమ్మా అంటుంది. మా ఆయన పోయిన ఏడు నేను మంచం పట్టి లేవకపోతే, రోజూ పొద్దున్నే జావ కాచి తెచ్చి దగ్గర కూర్చుని తాగించింది. చుట్టాలందరూ పెదకర్మ ముగియగానే ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళిపోయారు. ఆమె మాత్రం నేను నా కాళ్ళ మీద నిలబడేదాకా వస్తూనే ఉంది. కాబట్టి ఈ లోకంలో నేను అనుమానించని మనిషంటూ ఉంటే ఆమే.

వస్తువుల దగ్గర నాకొక్కటే మింగుడుపడేది కాదు. ఏదీ నిండుగా ఉండదు. గంప అంచు చుట్టూ బద్ద చక్కగా చుట్టుకుంటూ వచ్చి, చివర జానెడు మేర వదిలేసి ఉంటుంది. చాపకు ఒక మూల అల్లిక ఆగిపోయి ఉంటుంది. డోలుకు తోలు వార్లన్నీ బిగించి ఒక్కటి మాత్రం వేలాడదీసి ఉంటుంది. పిల్లల నోటు పుస్తకాలు దిద్దిన చెయ్యి నాది. సగంలో వదిలిన లెక్క కనిపిస్తే ఊరుకోగలనా? చేసేవాళ్ళకు చివరికొచ్చేసరికి ఓపిక అయిపోతుంది కాబోలనుకుని, అశ్వారావుపేటలో హార్డ్‌వేర్ షాపు నుంచి తెల్ల నైలాన్ వైరు చుట్ట తెచ్చి తీరిక దొరికినప్పుడల్లా ఒక్కో వస్తువూ బాగుచేస్తూ వచ్చాను. అంచులు కట్టాను, మూలలు కుట్టాను, డోలు వారు బిగించాను.

ఆ కట్లు మాత్రం నిలిచేవి కావు. నెలో రెండు నెలలో గడిచేసరికి వైరు ఊడి ఉండేది. ఎలుకలనుకున్నాను. బోను పెట్టాను. ఎండుచేప ముక్క పెట్టినా, కొబ్బరి ముక్క పెట్టినా ఒక్కటీ పడలేదు. మా ఊరి ఎలుకలు మరీ తెలివిమీరాయని అక్కతో అంటే, "అవ్ టీచరమ్మా, శాన తెలివైనయి" అని చీపురు విదిలించి బయటికి వెళ్ళింది.

ఇదీ అప్పటి పరిస్థితి. అప్పుడు కమిటీ వాళ్ళకు కొత్త ఆలోచన వచ్చింది. బయటి నుంచి ఒక ఆర్టిస్టును పిలిచి, రెండు నెలలు ఇక్కడే ఉంచి, ఈ వస్తువుల మధ్య ఏదైనా కొత్త పని చేయించి, చివర్లో ప్రదర్శన పెడతారట. కమిటీలో పెద్దాయన, రిటైరైన లెక్చరరు, ఫోన్లో చెప్పినప్పుడు నేను అడిగింది ఒకటే. "ఆ వచ్చే మనిషి ఎవరి పిల్ల, ఏ ఊరు?" హైదరాబాదు అన్నారు. ఎవరి పిల్లో ఆయనకు తెలియదు. తెలియని పిల్లను నా బ్యారన్ మీదికి తోలుతున్నారన్నమాట.

ముప్పై దాటిన అమ్మాయి. సన్నగా, మగపిల్లాడిలా కత్తిరించిన జుట్టు. బ్యారన్‌ను ఆనుకుని, ఒకప్పుడు పొయ్యి కాసేవాళ్ళు పడుకునే గది ఉంటే అందులో దించాం. భోజనం మా ఇంట్లో. ఏది పెడితే అది తింటుంది. బాగుందనదు, బాగాలేదనదు. గోంగూర పచ్చడి తిని కూడా ఏమీ అనని మనిషిని నేను అంతవరకు చూడలేదు. ఏదో మనసులో పెట్టుకున్నవాళ్ళే అలా తింటారు.

"ఇక్కడ ఏం వేస్తావమ్మా?" అని అడిగాను.

"ఇంకా తెలీదాంటీ. ముందు చూస్తాను."

చూసింది, నిజంగానే. వారం గడిచినా కుంచె తియ్యలేదు, పెన్సిలు పట్టలేదు. వచ్చి గంపల ముందు బాసింపట్టు వేసుకుని పూటంతా కూర్చునేది. నేను పనున్నట్టు లోపలికీ బయటికీ తిరుగుతూ కన్నేసి ఉంచేదాన్ని. ఒకసారి చేటను చేతిలోకి తీసుకుని వెలుగుకు ఎత్తి పట్టుకుని, అంచు దగ్గర కన్ను పెట్టి చూస్తోంది. బంగారం షాపులో కంసాలి చూసినట్టు ఉంది. అందులో అంత చూసేదేముంది?

తర్వాత సారపాక వెళ్ళి, అక్కడ కాగితం మిల్లులో పనిచేసేవాళ్ళెవరినో పట్టుకుని పెద్ద పెద్ద పల్చటి కాగితాలు సంపాదించుకొచ్చింది. వాటిని గంప మీద పరిచి, పైన బొగ్గుతో మెల్లగా రుద్దడం మొదలుపెట్టింది. రుద్దేకొద్దీ కింద ఉన్న అల్లిక కాగితం మీదికి దిగుతుంది. చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి పెన్సిలుతో మనం చేసే పనే. దీనికి హైదరాబాదు నుంచి రావాలా అనుకున్నాను. పైకి మాత్రం బాగుందమ్మా అన్నాను.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది అక్క. మ్యూజియం పెట్టిన ఈ పదేళ్ళ నుంచి నాతో రోజుకు నాలుగు మాటల కంటే ఎక్కువ మాట్లాడని మనిషి, ఆ అమ్మాయి పక్కన చీపురు అడ్డంగా పెట్టుకుని కూర్చుని గలగలా మాట్లాడుతోంది. నేను గుమ్మంలోకి రాగానే ఇద్దరూ చప్పున ఆగిపోయేవాళ్ళు. అక్క లేచి ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చేది. మధ్యాహ్నాలు ఆ అమ్మాయి గూడెం వెళ్ళి వెదురు చీల్చేవాళ్ళ దగ్గర కూర్చుంటోందని కబురు తెలిసింది. ఒకరోజు వచ్చి, "ఆంటీ, ఇంకో తాళంచెవి ఉంటే ఇస్తారా? పొద్దున్నే తలుపులోంచి వెలుగు బాగా పడుతుంది, మిమ్మల్ని నిద్ర లేపడం ఎందుకు" అంది. లేదన్నాను. ఉంది. బీరువాలో ఉంది.

ఆమె భద్రాచలం వెళ్ళిన రోజు గొట్టం గదిలోనే వదిలి వెళ్ళింది. గది కూడా మా బ్యారన్‌దే కాబట్టి నేను లోపలికి వెళ్ళడంలో తప్పేమీ లేదు. జిప్పు తీసి కాగితాలు ఒక్కొక్కటే నేల మీద పరిచాను. గంప లేదు, చేట లేదు, చాప లేదు. కాగితాల మీద అన్నిటి అంచులే ఉన్నాయి. నల్లగా అంచు గీత వంపు తిరిగి వచ్చి, ఒకచోట ఆగిపోయి, తెల్లగా ఖాళీ వదిలి, మళ్ళీ మొదలవుతుంది. ప్రతి కాగితం మీదా అంతే. నాకు అప్పుడు అర్థమైపోయిందనుకున్నాను. ఏ పెద్ద షాపు కోసమో నమూనాలు తీస్తోంది. కట్టు ఎలా మొదలవుతుంది, ఎక్కడ ముగుస్తుంది అని కొలతలతో పట్టుకెళ్తే, అక్కడ మిషన్ల మీద వేలకు వేలు దించేస్తారు. గూడెం వాళ్ళ నోట్లో మట్టే. పాపం అక్క, ఏమీ తెలియక అన్నీ విప్పి చెబుతోంది. ఆ మాట పెద్దాయనకు ఫోన్ చేసి చెప్పాను. "ఆర్టిస్టులు అలాగే ఉంటారు టీచరుగారూ, కాస్త ఓపిక పట్టండి" అన్నాడాయన. ఓపిక పట్టడానికి బ్యారన్ ఆయనదా?

అప్పుడే పెద్ద గంప సంగతి బయటపడింది. మా మ్యూజియంలో అన్నిటికంటే పాతది, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవనిది. అక్క ఇంటి గంప అది, ఆమె అత్త చేతిది. ప్రదర్శనకు నలుగురూ వస్తారు కదా అని దాని అంచును నేను కొత్తగా, రెండు వరసలు వేసి గట్టిగా బిగించాను. నాలుగు రోజులు తిరక్కుండా వెళ్ళి చూస్తే కట్టు లేదు. కింద తెల్ల వైరు ముక్కలు పడి ఉన్నాయి. చేతిలోకి తీసుకుని చూశాను. కొసలు నున్నగా, కత్తితో కోసినట్టున్నాయి. ఎలుక కొరికితే అలా ఉండదు. ఇన్నాళ్ళకు దొంగ దొరికాడనిపించింది. వైరు అడ్డం వస్తే కాగితం మీద అచ్చు సరిగ్గా దిగదు కదా. అందుకని కోసేసింది. ఒకరి వస్తువు మీద కత్తి పెట్టింది.

ఆ అమ్మాయి పక్కనే కాగితం పరుచుకుంటోంది. అక్క మూల ఊడుస్తోంది. నేను వైరు ముక్కలు అరచేతిలో పెట్టుకుని ముందుకెళ్ళి నిలబడ్డాను.

"ఈ కట్టు ఎందుకు కోశావు?"

ఆమె తలెత్తి చూసింది. "ఏ కట్టు ఆంటీ?"

"నా చేత్తో నేను కట్టిన కట్టు. ఇదిగో."

"ఓ, ఆ వైర్లు మీరు కట్టినవా?" అంది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "నేను కొయ్యలేదు. కానీ అవి లేకపోతేనే బాగుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడే నిలబడి పెద్దాయనకు ఫోన్ కలిపాను. ఈ అమ్మాయి మాకొద్దు, వస్తువులు పాడు చేస్తోంది, రేపటి బండికి పంపించేయండి, లేకపోతే బ్యారన్‌కు తాళం వేస్తాను, మ్యూజియం లేదు ఏమీ లేదు అన్నాను. ఆయన ఏదో నచ్చజెబుతున్నాడు. ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. "ఆంటీ, ఈ పని మధ్యలో ఆగిపోతే నేను మళ్ళీ మొదలుపెట్టలేను. దీనికోసం ఉద్యోగం వదులుకుని వచ్చాను" అంది. నేను కరగలేదు. ఆమె కాగితాలు చుట్టి గొట్టంలో పెట్టుకోవడం మొదలుపెట్టింది. తనవి కానివేమైనా పెడుతుందేమోనని నేను అక్కడే నిలబడి చూస్తున్నాను.

అక్క చీపురు గోడకు ఆనించి వచ్చింది.

"పాపను పంపకు టీచరమ్మా. నేనే కోసిన."

నాకు ముందు ఆ మాట తలకెక్కలేదు. ఆమె నడుములో దోపుకున్న చిన్న కత్తి తీసి చూపించింది. వెదురు బద్దలు సన్నగా చీల్చే కత్తి.

"నువ్వా?"

"అవ్. ఇయ్యాల్టిది గాదు. మొదటి సంది నేనే. ఎలకలు గావు."

"ఎందుకక్కా? చిరిగిపోయినదాన్ని బాగుచేస్తే తప్పా?"

"అది చిరిగింది గాదు. ఇడ్సిపెట్టింది." గంప దగ్గర కూర్చుని, ఆ ఖాళీ మీద అరచెయ్యి పెట్టింది. "మా ఇంట్ల నుంచి ఏదన్న బయటికి పోతే అంచు జానెడు కట్టకుంట ఇడ్సిపెడ్తం. నీకు వాడుకోను ఇచ్చినం, పని అయినంక మల్ల ఇంటికి రావాలె, వచ్చినంక కట్టుకుంటం అని. చాపకు మూల ఇడ్సిపెడ్తం. డోలుకు ఒక వారు బిగియ్యం. నిండ కట్టి ఇచ్చినమంటే ఇగ అది తీస్కున్నోళ్ళదే. మల్ల అడగొద్దు."

నేను చుట్టూ చూశాను. గోడల వెంబడి, వాసాల కింద, బల్లల మీద ఉన్న వస్తువులన్నిటినీ చూశాను. నాకు తెలిసి వాటిలో నిండుగా కట్టింది ఒక్కటీ లేదు.

"మరి కమిటీ వాళ్ళు అడిగితే మ్యూజియానికి ఇస్తామని చెప్పారు కదా!"

"చెప్పినం. అంచు చూస్తే వాళ్ళకు సమజైతది అనుకున్నం. వాళ్ళు చూడలే. నువ్వు చూసినవ్. చూసి కట్టినవ్."

ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. "ఇన్నేళ్ళు నాకెందుకు చెప్పలేదు? ఒక్క మాట చెబితే కట్టేదాన్నా?"

"చెప్తే నువ్వు కట్టుడు ఆపుతవో, ఇంక గట్టిగ కడ్తవో మాకెట్ల తెలుస్తది?" అంది. కోపం లేదు ఆమె గొంతులో. రేపు వాన వస్తుందేమో అన్నట్టు అంది. "మొదటిసారి కట్టినప్పుడు తెల్వక కట్టిందేమో అన్కున్నం. కోసి చూసిన. నువ్వు మల్ల కట్టినవ్. మల్ల కోసిన. మల్ల కట్టినవ్. గూడెంల అందరు ఏమన్కుంటరు? టీచరమ్మ మనయి ఉంచుకుంటది, ఆమె మామ లెక్కనే అన్నరు."

"నువ్వేమన్నావు?"

"తెల్వక కడ్తుందేమో అన్న. తెలిసే కడ్తుందేమో అని గూడ అన్కున్న. అబద్ధం చెప్పొద్దు గద."

చేతిలో ఉన్న ఫోన్ నేనింకా పెట్టెయ్యలేదు. పెద్దాయన అటు నుంచి హలో హలో అని అరుస్తున్నాడు. "ఏం లేదు లెండి, ఆ అమ్మాయి ఇక్కడే ఉంటుంది" అని పెట్టేశాను. ఆ అమ్మాయి గొట్టంలోంచి కాగితాలు మళ్ళీ బయటికి తీసింది. ఆమెకు ఈ సంగతి ఎప్పటి నుంచి తెలుసని అడిగాను. మూడో రోజే అక్క చెప్పిందట. నాకు పదేళ్ళలో చెప్పనిది ఆమెకు మూడు రోజుల్లో చెప్పింది.

గూడెం వాళ్ళ వేళ్ళు అప్పుడు గుర్తొచ్చాయి. సంతకు వెళ్ళి వస్తూ, చుట్టాలను వెంటబెట్టుకుని, ఏమీ మాట్లాడకుండా అంచులు తడిమి వెళ్ళిన వేళ్ళు. కన్నబిడ్డను నిమిరినట్టు అని నేను ఎంతమందికి చెప్పుకున్నానో. వాళ్ళు చూసుకునేది నేను ఎంతవరకు కట్టేశానో అని. నేను పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంటుంటే, వాళ్ళు నా చేతుల వైపు చూస్తూ ఉండి ఉంటారు. మా మామగారు కూడా గుర్తొచ్చారు. ఆయనకు ఈ నేల వాడుకొమ్మని ఇచ్చారో, పూర్తిగా ఇచ్చారో, అసలు ఇచ్చారో లేదో, చూసి చెప్పడానికి నేలకు అంచుకట్టు ఉండదు. ఆ ఆలోచన వచ్చాక బ్యారన్‌లో నిలబడబుద్ధి కాలేదు. ఇంటికి వచ్చేశాను.

వంటింట్లో మేకుకు చేట తగిలించి ఉంది. అక్క ఇచ్చిన చేట. బ్యారన్‌లో ఇంకా పాత పొగాకు కర్రలు పడి ఉన్న రోజుల్లో, నేను మంచం మీద నుంచి లేచి మొదటిసారి వంట చేసుకున్ననాడు తెచ్చి ఇచ్చింది. అన్నేళ్ళుగా బియ్యం చెరుగుతూనే ఉన్నాను, ఎప్పుడూ అంచు చూడలేదు. మేకు నుంచి తీసి, పొయ్యి దగ్గర కూర్చుని, వేలు పెట్టి చుట్టూ తడిమాను. నిండుగా ఉంది. నమ్మకం కలగక కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ తడిమాను. ఎక్కడా ఖాళీ లేదు. కొస లోపలికి దోపి, మీద ఇంకో చుట్టు కూడా వేసి ఉంది.

మర్నాడు అక్క రాగానే అడిగాను. "మా ఇంట్లో చేట అంచు నిండుగా కట్టావు కదా. మరి అదెందుకలా?"

"అది నీకిచ్చింది."

"మరి ఇక్కడున్నవి?"

"ఇవి తాళమేసుకునేటామెకు ఇచ్చినయి" అని, ఆమె బకెట్ తీసుకుని బోరింగు దగ్గరికి నడిచింది.

రెండూ నేనే కదా అని అరవాలనిపించింది. అరవలేదు. ఆ పూట మిగిలిన కట్లన్నీ విప్పేద్దామని కూర్చుని, కత్తి ఇవ్వమని అడిగాను. "నేనే కోస్తలే" అంది. కత్తి నా చేతికివ్వలేదు. ఆమె ఒక్కొక్కటే కోస్తుంటే నేను తెల్ల వైరు ముక్కలు ఏరి డబ్బాలో వేశాను. డోలు దగ్గరికి వచ్చేసరికి, వారును బిగించిన వైరు కోసి, వారు వేలాడేలా వదిలేసి, తోలు మీద అరచేత్తో ఒక దెబ్బ వేసింది. అప్పుడు మాత్రం నవ్వింది.

ప్రదర్శన రోజు ఆ అమ్మాయి తన కాగితాలను వాసాలకు వేలాడదీసింది, ఒకప్పుడు పొగాకు కర్రలు వేలాడిన చోట. ఎన్ని కాగితాలో అన్ని నల్ల అంచులు, అన్ని తెల్ల ఖాళీలు. ఖమ్మం నుంచి వచ్చినవాళ్ళు దూరంగా నిలబడి తలలూపారు. గూడెం వాళ్ళు మాత్రం దగ్గరికి వెళ్ళి తమ తమ కాగితం వెతుక్కుని, తెల్ల ఖాళీ మీద వేలు పెట్టి చూసుకున్నారు. బొగ్గు వేళ్ళకంటింది. ఆ అమ్మాయి ఆ కాగితాలన్నీ గూడెం వాళ్ళకే ఇచ్చి వెళ్తున్నానంది. తీరా చూస్తే ప్రతి కాగితానికీ కింద ఒక మూల రుద్దకుండా వదిలేసి ఉంది. అంటే ఎప్పటికైనా తనకు తిరిగి రావాలన్నమాట. అక్క అది చూసి, "పాప నేర్సింది" అని పగలబడి నవ్వింది. ఆ అమ్మాయి సామాన్యురాలు కాదని నేను మొదటి రోజే అన్నాను. వెళ్ళేటప్పుడు ఆటో ఎక్కే ముందు గొట్టం మూత తీయించి లోపలికి చూశాను కూడా. ఆమె ఏమీ అనుకోకుండా తీసి చూపించింది. ఖాళీగా ఉంది.

వేసవి మొదట్లో, ఇప్పపూలు రాలే రోజుల్లో, అక్క కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. "గంప పట్టుకపోతున్నం" అంది. అడగడం కాదు, చెప్పడమే. ఇద్దరూ పెద్ద గంపను మోసుకుపోయారు. చూడటానికి వచ్చినవాళ్ళు ఖాళీ బల్ల చూపించి ఇక్కడుండేది ఏమైందంటే, ఇంటికి వెళ్ళిందని చెప్పాను. తిరిగి వస్తుందా అన్న అనుమానం నన్ను రోజూ తొలిచింది. రాకపోతే రానీ, వాళ్ళదే కదా అని ఒకపక్క, వస్తే బాగుండునని ఒకపక్క. పూలు అయిపోయాక తెచ్చి పెట్టారు. బ్యారన్ అంతా తీయటి ఇప్పపూల వాసన వేసింది. అంచు జానెడు మళ్ళీ వదిలేసే ఉంది.

ఆ రోజే అక్క నాకోసం ఒక చిన్న గంప తెచ్చింది. కొత్త వెదురు, ఇంకా పచ్చి వాసన పోలేదు. "ఇది నీకు టీచరమ్మా, ఇంట్ల పెట్టుకో" అంది. రెండు చేతులా తీసుకున్నాను. ఆమె ఎదురుగా ఉండగా అంచు వైపు చూడకూడదని పంతం పట్టి ఆమె ముఖంలోకే చూస్తూ నాలుగు మాటలు మాట్లాడాను. ఆమె కూడా నా చేతుల వైపు చూడకుండా ఉండటానికి అంతే తంటాలు పడిందనుకుంటాను. ఎండగా ఉంది, వెళ్తానంది. గేటు దాటి, పామాయిల్ తోట మలుపు తిరిగిందాకా ఆగాను.

అప్పుడు అంచు మీద వేలు పెట్టి చుట్టూ పోనిచ్చాను. సగం దాటాను, ముప్పావు దాటాను. వేలు ఖాళీలో పడింది. జానెడు.

కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. సొరుగులో నైలాన్ వైరు చుట్ట ఇంకా సగం ఉంది, దాని జోలికి పోలేదు. తాళంచెవి ఇప్పటికీ నా కొంగుకే ఉంది. గంపను వంటింట్లోకి తీసుకెళ్ళి, చేట కింద పెట్టి, ఉల్లిపాయలు పోశాను.